డాక్టరయ్య నాతో చెప్పి పంపిన మాట

చనిపోయిన మనిషి మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఇంకొకరికి చేర్చమని నాకిచ్చిన మాట. చేర్చలేదు. ఇన్నేళ్లుగా దాన్ని నోట్లోనే పెట్టుకుని అన్నం తిన్నాను, నీళ్లు తాగాను, నలుగురిలో నవ్వాను కూడా. కాలికి ముల్లు దిగితే ఇదిగో ఇక్కడ అని చూపించవచ్చు. దీన్ని ఎక్కడని చూపించను?

నాకు రాయడం రాదు. నా పేరు మటుకు గీస్తాను, అదీ డాక్టరయ్య నేర్పిందే. ఎదురింట్లో రవికెలు కుట్టే ఆమె మిషను ఆపి, నేను చెప్పేది రాస్తోంది. ఆమె కూర్చుని రాస్తోంది. నేను వసారాలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూ చెబుతున్నాను. కూర్చుంటే మాట రావడం లేదు. "యాలక్కా అట్ల తిరగతావు, నీతో పాటు నా తలా తిరగతాండాది" అంటోంది. తిరగనీ. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే మళ్లీ అబద్ధమే చెబుతానేమో. ఒకసారి కాదు, రెండుసార్లు అలాగే చేశాను.

ముందు నా భర్త గురించి చెప్పాలి. ఆయన లేకుండా ఇది అర్థం కాదు.

మాది నిమ్మనపల్లె పక్కన పల్లె. వాన పడితే చెనిక్కాయలు, పడకపోతే ఏమీ లేదు. వరసగా పంట పోయేసరికి ఆయన కుప్పం వైపు రాళ్ల క్వారీలో పనికి పోయాడు. బండకు మిషనుతో బెజ్జాలు వేసే పని. ఇంటికి వచ్చేటప్పుడు కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి ఉండేది. పిండి మరలో పని చేసేవాడిలా ఉన్నావని నవ్వేదాన్ని. తర్వాత దగ్గు పట్టుకుంది. తర్వాత మా గడప ఎక్కడానికే ఆయాసం. టీబీ అన్నారు. టీబీ మందులు మింగాడు. మింగినకొద్దీ ఎండిపోయాడు. చివరికి మదనపల్లెలో ఒక డాక్టరు సొంతంగా నడుపుతున్న చిన్న ఆసుపత్రికి తీసుకొచ్చాం. ఆయనే నేను చెబుతున్న డాక్టరయ్య. ఇది టీబీ కాదు, రాతిపొడి లోపల పేరుకుపోయిందని మొదట అన్నది ఆయనే. అప్పటికి మా వైపు ఆ మాట అనేవాళ్లు లేరు. నా భర్త అక్కడే చనిపోయాడు.

ఒళ్లు కోసి లోపల చూడాలన్నారు. నన్ను ఎవరైనా అడిగారా? ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రావడం లేదు. ఎవరో ఏదో అన్నారు, మా బావ తల ఊపాడు, నేను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. అంతే. స్నానం చేయించేటప్పుడు చూశాను, రొమ్ము మీద గోనెసంచికి వేసినట్టు కుట్లు. మోసుకుపోతుంటే మా బావ అన్నాడు, "ఏందప్పా, ఇంత తేలిగ్గా ఉండాడు." మా చేన్లోనే పూడ్చాం. మాలో కాల్చరు.

మూడో రోజు కాకికి పెట్టాం. మీకు తెలిసే ఉంటుంది, పోయిన మనిషికి ఇష్టమైనవి పెడతాం, కాకి ముట్టుకుంటే ఆ మనిషికి లోటు లేదని లెక్క. సంగటి పెట్టాను, చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పెట్టాను. ఆయనకు బీడీ అంటే ప్రాణం, అందుకని ఒక బీడీ వెలిగించి ఆకు పక్కన పెట్టాడు మా మామ. కాకులు వేపచెట్టు మీద కూర్చున్నాయి. దిగలేదు. "ఏం కోరికుండాదో చెప్పురా నాయనా" అని మా మామ చేతులు జోడించాడు. అందరం ఆకు చుట్టూ మూగి ఏడ్చాం. నేను మళ్లీ పెళ్లి చేసుకోనని మట్టి మీద చెయ్యి పెట్టి చెప్పాను. దిగలేదు. చివరికి ఆ అన్నం ఆవుకు పెట్టారు. అతనికి ఏదో తక్కువైందని పల్లెంతా అనుకుంది. నేనూ అనుకున్నాను. ఏం తక్కువైందో తెలియక ఎంత వెతుక్కున్నానో చెప్పలేను.

డాక్టరయ్య నన్ను పిలిపించి ఆసుపత్రిలో వంటపని ఇచ్చాడు. తర్వాత ఆయన భార్య పోయాక ఇంట్లో వంట. ఆయన క్రైస్తవుడు, నేను కాదు. అయినా నేను తిన్నానా లేదా అని అడిగి కానీ తన కంచం ముందు కూర్చునేవాడు కాదు. ఇది నేను ఎందుకు చెబుతున్నానంటే, ఆయన చెడ్డవాడై ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదు.

కుప్పం దగ్గర, డాక్టరు చదివే పిల్లల కోసం ఆయన ఒక చిన్న లాబు పెట్టించాడు. ఒకరోజు ఎక్కడెక్కడినుంచో పెద్ద చదువుల వాళ్లు ఇంటికి వచ్చారు. నేను కాఫీ పోస్తున్నాను. ఆయన సంతోషంగా నావైపు చెయ్యి చూపించి వాళ్లతో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. వాళ్లు నన్ను చూసి తలలు వంచారు. తర్వాత నాతో అన్నాడు.

"నీ మొగుడు సావలేదమ్మీ. కుప్పం లాబులో పిలకాయలకు పాఠం చెప్తాండాడు. గాజుపెట్టెలో, మందునీళ్లలో పెట్టిన మొట్టమొదటి ఊపిరితిత్తులు ఆయనవే. ఆయన్ను చూసే ఈ రాతిపొడి జబ్బును నేను కనుక్కునింది."

నేను సంతోషపడతానని అనుకున్నాడు. నిజంగా అనుకున్నాడు, ముఖంలో తెలుస్తోంది. నేను నవ్వి, మిగిలిన కప్పుల్లో కాఫీ పోశాను. ఒక్క చుక్క కూడా కింద పడలేదు. లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చున్నాక నాకు కాకి గుర్తొచ్చింది. ఊపిరే లేనివాడు తినడానికి ఎట్లా వస్తాడు? గాజుపెట్టెలో మందునీళ్లలో ఆయన ఊపిరి, చేన్లో ఉత్త ఒళ్లు. తక్కువైంది ఇదే అనుకున్నాను.

అయినా ఆ ఇల్లు విడిచి పోలేదు. ఎందుకు పోలేదు? తిండి కోసమా? ఆయన మంచితనం కోసమా? లేక నా భర్తను తీసుకున్న మనిషి కళ్లముందు ఉంటే నా భర్త కొంచెం దగ్గరగా ఉన్నట్టు అనిపించేదా? ఏదో ఒకటి చెప్పమంటే చెప్పలేను. మూడూ కలిసే ఉన్నాయేమో.

ఆయన పేరు పెద్దదయింది. శిష్యులు కుప్పం దగ్గర ఆ లాబును పెద్దది చేశారు. ఆయనకు చిన్నప్పుడు టీబీ వచ్చి తగ్గిందట. అప్పటినుంచి ఏటేటా తన రొమ్ముకు తనే ఎక్స్‌రే తీయించుకుని దాచుకున్నాడు. ఇట్లా బతికున్నంత కాలం చూసిన ఊపిరితిత్తులు ఇంకెవరివీ లేవట. అందుకని తను పోయాక తన ఒళ్లు లాబుకే ఇస్తానని, ఊపిరితిత్తులు అక్కడే ఉంచుకుని చదువుకోమని ఒక సభలో అందరి ముందు చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఇతరుల ఒళ్లు అడిగినవాడు తన ఒళ్లు ఇవ్వకపోతే ఎట్లా అన్నాడట. అడిగినవాడు! ఆ మాట విన్నప్పుడు నా చేతిలో ఉన్న చేట కింద పెట్టేశాను.

ఆయన కూతురు గ్రేసమ్మకు అది ఇష్టం లేదు. పుంగనూరులో టీచరు. వాళ్లమ్మను పుంగనూరు సమాధుల తోటలో పెట్టారు. ఇద్దరికీ కలిపి ఒకటే రాతిపలక. ఒక సగంలో అమ్మ పేరు, పుట్టింది, పోయింది. ఇంకో సగం నున్నగా చెక్కి ఖాళీగా వదిలారు.

"అమ్మ పక్కన ఖాళీగా ఉండిపోతాది గదా నాయనా" అనేది ఆమె.

"ఉండనీలే. మీయమ్మ కాళ్లు చాపుకోని పండుకుంటాది" అనేవాడు ఆయన. నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు.

ఇక ఆ రోజు గురించి. దీన్ని చెప్పాలనే ఇంత చుట్టు తిరిగాను.

ఆయన మంచం పట్టాడు. మధ్యాహ్నం, ఎండ కిటికీలోంచి పడుతోంది, టమాటా లారీలు రోడ్డు మీద పోతున్నాయి. గ్రేసమ్మ బడిలో పరీక్షలు జరుగుతున్నాయని ఆ పొద్దున్నే పుంగనూరు పోయింది. నేను రాగంబలి చెంచాతో పోస్తున్నాను. చెంచా పక్కకు నెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ఎప్పుడూ నా చెయ్యి పట్టుకోలేదు.

"అమ్మీ, గ్రేసుకు చెప్పు. నన్ను కుప్పం పంపొద్దని చెప్పు."

"యాల సామీ, మీరే గదా ఇస్తానన్నారు?"

"అన్న్యాను. అప్పుడు బాగుంటిని, అన్న్యాను. ఇప్పుడు భయమైతాండాది. నన్ను కోయొద్దను. వాళ్లమ్మ పక్కన పెట్టమను. మొత్తంగా పెట్టమను."

మొత్తంగా. ఆ మాట దగ్గర నాకు ఏదో అయింది. చెంచా గిన్నెలో పడేసి అడిగాను. అన్నేళ్లలో అడగనిది అప్పుడు అడిగాను.

"మా ఆయన్ను అడిగినారా సామీ, కోసేటప్పుడు? నన్నడిగినారా?"

ఆయన పైకప్పు వైపు చూశాడు. ఊపిరి కూడదీసుకుంటున్నాడో, మాట కూడదీసుకుంటున్నాడో.

"అడగలేదు."

"మరి?"

"అడిగింటే ఒప్పుకొనేదానివా?"

"ఏమో సామీ. అడిగింటే గదా తెలిసేది."

ఆయన కళ్లలో నీళ్లు వచ్చాయి. పక్కకు జారి చెవిలోకి పోయాయి. "తప్పే అమ్మీ" అన్నాడు. "గ్రేసుకు చెప్తావు గదా?"

"చెప్తాలే. పండుకో" అన్నాను.

మరుసటి రోజు పొద్దెక్కాక పోయాడు. గ్రేసమ్మ బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి లాబు వ్యాను వాకిట్లో ఉంది. పూలదండలతో శిష్యులు, ఫోటోలు తీసేవాళ్లు. గ్రేసమ్మ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. ఏడవడం కూడా ఇంకా మొదలుపెట్టలేదు.

"అక్కా, నాయన ఏమన్నా చెప్పినాడా? నేను లేనప్పుడు ఏమన్నా అన్న్యాడా? ఒక్క మాట అన్నింటే చెప్పు, ఈ వ్యాను వెనక్కి పంపిస్తా."

నేను ఆమె ముఖంలోకి చూసి చెప్పాను. "ఏం చెప్పలేదమ్మా. నిద్రలోనే పోయినాడు."

ఎందుకు అన్నాను? ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది ఒకటి ఉంది. అంతమంది పెద్దవాళ్లు, నేనేమో వంటమనిషిని, నా మాట ఎవరు నమ్ముతారు, ఆయన సభలో అన్నది గొప్పా నాతో అన్నది గొప్పా, భయపడి ఊరుకున్నాను అని. అది అబద్ధం. నాకు భయం వేయలేదు. గ్రేసమ్మ నా మాటను నమ్మేది, అది నాకు తెలుసు. మందునీళ్లలో ఆయన కూడా నిలబడనీ, మొత్తంగా కావాలంట మొత్తంగా, అనుకున్నాను. వ్యాను తలుపు మూసినప్పుడు నాకు బాగుండింది. ఇదీ నేను చెప్పాల్సింది. బాగుండింది.

ఆ బాగుండడం ఎంతసేపు ఉందో తెలియదు. ఆయన దుప్పటి ఉతికి ఆరేసేసరికే పోయింది.

ఆ తర్వాత నేను ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి పోయేదాన్ని, వీధిలోకి పోయి ఎందుకొచ్చానో మరిచిపోయేదాన్ని. హార్స్‌లీ హిల్స్ వైపు మబ్బు పడితే చాలు, గాలి ఆడనట్టుండేది. ఏటా ఈస్టరుకు గ్రేసమ్మ సమాధికి సున్నం కొట్టి నాకు ఫోన్ చేసేది. "నాయన సగానికి కూడా కొట్టినానక్కా" అనేది. నేను "మంచి పని చేసినావమ్మా" అనేదాన్ని. ఆ మాటలు అంటున్న నోరు నాదేనా?

మొన్న గ్రేసమ్మ నా ఇంటికి వచ్చింది. జుట్టు నెరిసింది ఆమెకు కూడా. లాబుకు కొత్త మేడ కట్టారట. డాక్టరయ్య ఒళ్లు చదువుకోవడం ఎప్పుడో అయిపోయి దహనం చేసేశారు, ఊపిరితిత్తులు మటుకు ఉన్నాయి. వాటిని కొత్త మేడలో ఎప్పటికీ ఉంచుకోవాలా, లేక నీకే తిరిగి ఇచ్చేయాలా, కూతురివి నువ్వే చెప్పు అన్నారట. ఆమెకు ఎటూ తేలడం లేదు. "ఒకసారి ఇద్దరం పోయి సూసొస్తాం రాక్కా" అంది. దారిలో తినడానికి సంగటి, ఊరుబిండి డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను. కుప్పం దగ్గర పడేకొద్దీ బస్సులో అరవం, కన్నడం వినబడుతున్నాయి, రోడ్డు పక్కన మంచాలంత బండలు లారీల మీద. ఆ బండల్లో నా భర్త వేసిన బెజ్జాలు ఎక్కడున్నాయో.

లాబులో ఒక గది. గది నిండా గాజుపెట్టెలు. డాక్టరయ్య పెట్టెకు ఫోటో ఉంది, పేరుంది, దండ ఉంది. లోపల తెల్లగా, అక్కడక్కడ మచ్చలతో, చిన్నగా ఉన్నాయి. ఇంత మనిషికి ఇంతేనా అనిపించింది. దాన్ని ఆనుకుని ఇంకో పెట్టె. అందులోవి నల్లగా, బండముక్కల్లా ఉన్నాయి. చూపిస్తున్న అతను చెప్పాడు, "ఇవి క్వారీ కూలీవి. ఈడ మొట్టమొదటివి ఇవేనంట."

"పేరేందప్పా?" అన్నాను.

"పేరు తెలీదమ్మా. ఇట్లాంటివాటికి నంబరే."

ఆయన పేరు నాకు తెలుసు. చెప్పలేదు. నోరు తెరిస్తే ఏది ముందు బయటికి వస్తుందో తెలియలేదు. భార్య పక్కన పడుకోవాల్సిన మనిషి నా భర్త పక్కన నిలబడి ఉన్నాడు. నిలబెట్టింది నేను.

గ్రేసమ్మ గాజు మీద అరచెయ్యి ఆనించి, నావైపు తిరక్కుండానే అడిగింది. "అక్కా, నిజంగా ఆరోజు ఏం చెప్పలేదా నాయన?"

"లేదమ్మా."

ఇది రెండోసారి. మొదటిసారి కోపం ఉంది. రెండోసారి అది కూడా లేదు. అలవాటు, అంతే. మొదటిదానికంటే ఇదే నన్ను ఎక్కువ తినేస్తోంది.

తిరిగివచ్చేటప్పుడు పుంగనూరులో దిగాం. వాళ్లమ్మను చూసి పోదామంది. సమాధుల మధ్య పొట్టి ఆవు ఒకటి ఎవరో పెట్టిన పూలు తీరిగ్గా నములుతోంది. దాన్ని అదిలించి, గ్రేసమ్మ నీళ్లు తేవడానికి కుళాయి దగ్గరికి పోయింది. నేను ఆ రాతిపలక ముందు ఒక్కదాన్నే ఉన్నాను. ఖాళీ సగం, సున్నం కొట్టి తెల్లగా. ఏమనిపించిందో, డబ్బాలో మిగిలిన సంగటి ముద్ద, కొంచెం ఊరుబిండి తీసి ఆ ఖాళీ సగం కింద పెట్టాను. వాళ్లలో ఇది లేదు. నాకు తెలిసింది ఇదొక్కటే. ఆయనకు కోపం ఉందో లేదో చూద్దామనుకున్నాను. కాకి రాదని ఖాయంగా అనుకున్నాను. రాకూడదనే అనుకున్నానేమో. రాకపోతే నాకు శిక్ష పడినట్టు ఉండేది.

నేను రెండడుగులు వెనక్కి వేశానో లేదో కాకి దిగింది. ముద్ద సగం పొడుచుకు తిని, మిగిలింది ఎత్తుకుపోయింది. అటూ ఇటూ కూడా చూడలేదు.

ఆ రాయి కింద ఎవరూ లేరు. ఎవరి తరఫున తిన్నది?

అప్పుడు గుర్తొచ్చింది, మా చేన్లో వెలిగించిన బీడీ. ఆకు పక్కన పొగ. పొగ చుట్టూ గుండ్రంగా మూగి ఏడుస్తున్న మేమందరం. కాకి ఎట్లా దిగుతుంది? ఎవరు దిగనిచ్చారు దాన్ని? నా భర్తకు కోపమని గానీ, తక్కువని గానీ కాకి చెప్పలేదు. ఉందో లేదో నాకు తెలియనే తెలియదు. ఆయన తరఫున అనుకుని నేను చేసింది, ఆయన తరఫున కాదు. నాది. మొత్తం నాదే. ఇన్నాళ్లూ ఆ ఒక్క ఆసరా ఉండేది, దాన్ని కూడా కాకి ఎత్తుకుపోయింది.

గ్రేసమ్మ నీళ్లు తెచ్చి పోసింది. నేను అప్పుడు కూడా చెప్పలేదు. ఈ పొద్దున చెప్పాను, ఫోన్‌లో.

"చెప్పినాడు గ్రేసమ్మా."

"ఏందక్కా?"

"కుప్పం పంపొద్దన్న్యాడు. మీయమ్మ పక్కన పెట్టమన్న్యాడు. మొత్తంగా పెట్టమన్న్యాడు. నాతో చెప్పి పంపినాడు. నేను నీకు చెప్పలేదు."

అవతల బడి పిల్లల గోల వినబడుతోంది. గోల వింటూ నిలబడ్డాను. ఆమె ఒక్కటే అడిగింది.

"యాలక్కా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేయలేదు. నేను చేస్తే ఎత్తలేదు. ఎందుకని అడిగిన ఆ యాలకు జవాబే ఇప్పుడు నేను చెప్పిందంతా. ఆమెకు చేరుతుందో లేదో.

క్షమించమని అడగడం లేదు. ఆమె తీసుకురాగలిగేది ఇక ఊపిరితిత్తులే. మొత్తంగా ఎవరూ తీసుకురాలేరు, ఆ మొత్తాన్ని నేను పోగొట్టాను. డాక్టరయ్య చేసింది తప్పా, ఒప్పా? ఆ నల్లటి ఊపిరితిత్తులు చూపించి ఆయన పోట్లాడబట్టే కదా ఇప్పుడు పొడి లేవకుండా బండ మీద నీళ్లు పోస్తూ బెజ్జాలు వేస్తున్నారు, మా పల్లెలో క్వారీకి పోయి వచ్చినవాళ్లు గడప ఎక్కుతున్నారు. ఉంచుకుని మంచే చేశాడు. అడగకుండా ఉంచుకున్నాడు. రెండూ నిజమే. ఒకదాన్ని ఇంకోదానితో కొట్టేయడం నాకు చేతకావడం లేదు. మంచంలో పడి భయపడి, ఇచ్చింది వెనక్కి అడిగే హక్కు ఆయనకు ఉంది. నా భర్తకు కూడా ఉండాల్సింది.

ఆ నంబరు పెట్టె సంగతి ఏం చేయాలో నాకు ఇంకా తెలియదు. చేన్లోకి తెచ్చుకోవాలనిపిస్తుంది. అక్కడే ఉండనీ, పిల్లలు చూడనీ అని కూడా అనిపిస్తుంది. రేపు లాబుకు ఫోన్ చేయించి ఆయన పేరు మటుకు చెబుతాను. రాసుకుంటారో లేదో వాళ్లిష్టం.

రాసే ఆమె చెయ్యి నొప్పి పుట్టిందంటోంది. ఇంక చాలమ్మా, నువ్వు పోయి నీ రవిక కుట్టుకో.

చెప్తాలే, పండుకో అన్నాను ఆయనతో. చెప్పేశాను సామీ. ఆలస్యమైంది, నీకు ఏమీ మిగల్లేదు, అయినా చెప్పేశాను.

కాసేపు కూర్చుంటాను.